ఇంటి మీద సోలార్ ఉంది, కరెంటు పోతే మాత్రం ఫ్యాన్ తిరగదు. ఇప్పుడు లెడ్ బ్యాటరీ కొనాలా, లిథియమా?

మందులకొట్టు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది కదిరి దగ్గర ఒక మండల కేంద్రం. కింద మెడికల్ షాపు, పైన ఇల్లు. రెండింటికీ కలిపి ఒకటే ఇన్వర్టర్. 900 వీఏ, 12 వోల్టులది. దానికి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు దాచుకోగలదో ఆ లెక్క) టాల్ ట్యూబులర్ బ్యాటరీ, అంటే లోపల సీసం ఉండే లెడ్ రకం. కొని నాలుగేళ్లు దాటింది. మెట్ల కింద పెట్టాం, పక్కనే షాపు ఫ్రిజ్ వీపు ఉంటుంది.

మొన్న రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఇంతకుముందు మూడు గంటలు లాగే ఇన్వర్టర్ ఇరవై నిమిషాలకే కీచుమంది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. సెల్‌ఫోన్ లైట్ వేసుకుని మెట్ల కింద దూరి చూస్తే బ్యాటరీ ఒక పక్క పొట్ట ఉబ్బినట్టు ఉబ్బింది. నీటిమట్టం చూపే ఆరు ఫ్లోట్లలో రెండు పూర్తిగా లోపలికి దిగిపోయాయి. టెర్మినల్ మీద ఆకుపచ్చ పొడి. చెయ్యి పెడితే కాలుతోంది. ఇన్వర్టర్ ఆపేసి, ఫ్రిజ్ తలుపు ఎవరూ తెరవకుండా ప్లాస్టర్ అంటించి, కరెంటు వచ్చేదాకా కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నా.

ఇది ఒక కథ. రెండోది చెబితే నవ్వుతారు. పోయిన సంవత్సరం ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించా. కేంద్రం సబ్సిడీ 78,000 వచ్చింది, బిల్లు బాగా తగ్గింది, అందులో వంక పెట్టేదేం లేదు. ఏప్రిల్‌లో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పోయి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కరెంటు లేదు. మిద్దె మీద కాలు పెట్టలేనంత ఎండ. ప్యానెళ్లన్నీ తళతళ మెరుస్తున్నాయి. కింద ఒక్క లైటు వెలగదు! ఎదురింటాయన అరుగు మీద కూర్చుని, "నెత్తిన పవర్‌హౌస్ పెట్టుకుని అట్టముక్కతో విసురుకుంటున్నావేందప్పా" అన్నాడు. పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తే "అది అంతే సార్" అన్నారు. అంతే అంటే ఎందుకంతే?

ఇప్పుడు నా ముందు మూడు కొటేషన్లు ఉన్నాయి. మా ఊరి షాపులో కొత్త 150 ఏహెచ్ లెడ్ 15,200, పాతదానికి 3,000 తగ్గిస్తాడట. కదిరిలో ఒకాయన 100 ఏహెచ్ లిథియం 29,000 అంటున్నాడు, "పదేళ్లు చూడక్కర్లేదు" అని. ఫోన్లో ఇంకొకాయన సోలార్ ఇన్వర్టరే పీకేసి హైబ్రిడ్ (సోలార్‌నీ బ్యాటరీనీ రెండింటినీ నడిపే ఇన్వర్టర్) పెట్టి, 5 కిలోవాట్ అవర్, అంటే 5 యూనిట్ల లిథియం కలిపి లక్షా అరవై వేలకు చేస్తాడట. 150 పోయి 100 కొంటే తగ్గినట్టు కాదా? ఏది చేస్తే తెలివైన పని?

రిటైర్డ్ ఏడీఈ:

కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి, నేను చెబుతా. "అది అంతే" అన్నవాడు నిజమే చెప్పాడు, వివరం చెప్పలేదంతే. మీ మిద్దె మీదున్నది గ్రిడ్‌కి కట్టిన ఇన్వర్టర్. లైన్లో వోల్టేజీ కనబడినంతసేపే పనిచేస్తుంది. లైన్ చచ్చిన క్షణంలో అదీ ఆగాలి, ఆగేలాగే తయారు చేస్తారు. ఎందుకంటే ఆ సమయంలో మా లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కి ఉంటాడు. సబ్‌స్టేషన్లో బ్రేకర్ తీశారు, లైన్లో కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటాడు. మీ ఇంటి నుంచి కరెంటు వెనక్కి వచ్చిందంటే ప్రాణం పోతుంది. నేను ఉద్యోగంలో ఉండగా సోలార్ లేదు, జనరేటర్లు ఉండేవి. లైన్‌నీ జనరేటర్‌నీ విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కట్టిన ఒక రైస్ మిల్లు వల్ల మావాడు ఒకడు స్తంభం మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అందుకే మీ ఎదురింటాయనకు నా తరఫున చెప్పండి, ఆ అట్టముక్క ఒకరి ప్రాణానికి కాపలా అని.

ఇంకో మాట, కోప్పడకండి. సబ్సిడీ సోలార్ ఇంటి మీటరు మీద ఇచ్చారు. షాపుకి కమర్షియల్ మీటరు వేరే ఉండాలి. ఒకటే ఇన్వర్టర్‌తో రెండూ నడుపుతున్నానంటే ఇంటి కరెంటుతో ఛార్జయిన బ్యాటరీ షాపు ఫ్రిజ్‌ను నడుపుతోందన్నమాట. తనిఖీకి వస్తే జరిమానా రాస్తారు. ముందు అది విడదీయండి.

యాసిడ్ మరకలు:

ఏడీఈ గారు సోలార్ సంగతి చెప్పేశారు కాబట్టి నేను బ్యాటరీ సంగతికి వస్తా. నాది గుంటూరు వైపు. ఇరవై రెండేళ్లుగా బ్యాటరీ షాపు. 2012, 13లో రోజుకి ఆరేడు గంటలు కోత ఉన్నప్పుడు లారీ దిగిన సరుకు సాయంత్రానికి అయిపోయేది. పెళ్లికి ఇన్వర్టర్ కట్నంగా పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఇప్పుడు ఆ గిరాకీ లేదు. అందుకే మావాళ్లు అవసరం ఉన్నా లేకున్నా పెద్దవి అంటగడుతున్నారు. నేను అమ్మేవాడినే, అయినా చెబుతున్నా.

తమ్ముడూ, మొదట ఒక ప్రశ్న. ఆ బ్యాటరీలో ఏం నీళ్లు పోశారు?

రెండోది, ఫ్రిజ్ వీపు పక్కన బ్యాటరీ పెట్టడం పొయ్యి పక్కన వెన్న పెట్టినట్టు. లెడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు సుఖం. ఆ పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగం అని మా లెక్క. మీ కదిరి ఎండకి, మెట్ల కింద గాలాడని చోట, ఫ్రిజ్ వేడి కూడా తగిలిందంటే నాలుగేళ్లు బతకడమే గొప్ప.

ఇప్పుడు 150 గొప్పా 100 గొప్పా అన్న సంగతి. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసి పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది, చూడండి. అంటే 7.5 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా 20 గంటలు తాగితే 150 అని అర్థం. మీరు అలా తాగరు కదా. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపి 350 వాట్లు అనుకుందాం. ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటే 412 వాట్లు, 12 వోల్టులకు 34 ఆంపియర్లు. ఇంత గబగబా లాగితే లెడ్ బ్యాటరీ 150 ఇవ్వదు, కొత్తదైనా 100 దగ్గర ఆగిపోతుంది. పైగా పూర్తిగా దించేస్తే దానికి జబ్బు చేస్తుంది. సగం దగ్గర ఆపాలి. అంటే మీకు నిజంగా దక్కేది గంటన్నర.

లిథియంకి ఆ గోల లేదు. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 1,280 వాట్ అవర్లు. తొంభై శాతం దాకా దించొచ్చు. మీ లోడుకి రెండున్నర గంటల పైనే వస్తుంది. కాబట్టి 100 కొంటే తగ్గినట్టు కాదు, పెరిగినట్టే. బరువు కూడా, ఆ 150 ట్యూబులర్‌ని ఇద్దరు మోయాలి, దీన్ని మా షాపు కుర్రాడు చంకలో పెట్టుకుని పోతాడు.

అలాగని వెంటనే లిథియం కొనెయ్యమని కాదు. లిథియం గొప్పతనం వేల సార్లు నింపి దించగలగడంలో ఉంది. రోజూ దించేవాడికి అది బంగారం. నెలకి నాలుగుసార్లు దించేవాడు డబ్బు పోసి కొన్న వేల సార్లలో ఐదొందలు కూడా వాడడు. కాబట్టి మీ ఊళ్లో కరెంటు ఎంతసేపు పోతోందో రాసి పెట్టండి. మనసులో లెక్క వద్దు, మనసుకి ఎప్పుడూ ఎక్కువ పోయినట్టే ఉంటుంది. షాపులో క్యాలెండర్ ఉంటుందిగా, పోయిన టైమూ వచ్చిన టైమూ దాని మీదే రాయండి. ఒక పదిహేను రోజులు చాలు.

ఇంకొకటి, బ్యాటరీ పెంచే ముందు ఫ్యాన్ మార్చండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాన్ 30, 35తో సరిపెట్టుకుంటుంది. రెండు ఫ్యాన్లు మారిస్తే మీ బ్యాటరీ ఒక సైజు పెరిగినట్టే. ఈ మాట చెప్పినందుకు మా అసోసియేషన్ వాళ్లు నన్ను తిడతారు.

మందులకొట్టు:

యాసిడ్ అన్నా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకే దొరికిపోయా. నేను ఎప్పుడూ డిస్టిల్డ్ వాటరే తెస్తా. కానీ నిన్న షాపు పిల్లవాణ్ణి నిలదీస్తే చెప్పాడు. జనవరిలో డబ్బా అయిపోతే, "మంచి నీళ్లే కదన్నా" అని ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు పోశాడట. రెండుసార్లు! వాణ్ణి తిట్టలేదు. నేనే చెప్పలేదు కదా.

వారంటీ కార్డు మీద 36+24 అని ఉంది. నాలుగేళ్లే అయింది కాబట్టి ఏమైనా వస్తుందా?

ఏడీఈ సార్, మీటర్ల సంగతి నిజంగా తెలియదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచా, విడదీస్తున్నా.

యాసిడ్ మరకలు:

36 నెలల్లోపు పోతే ఊరికే కొత్తది ఇస్తారు. ఆ తర్వాతి 24 నెలలు ప్రోరేటా, అంటే కొత్తదాని ధరలో కొంత శాతం తగ్గింపు. మీరు రెండోదాంట్లో ఉన్నారు. కానీ ఉబ్బిన బ్యాటరీని, పైగా క్యాన్ నీళ్లు తాగినదాన్ని వారంటీలో ఒప్పుకోరు. మినరల్ వాటర్ పేరులోనే ఉంది కదా మినరల్ అని. ఆ ఖనిజాలు, క్లోరిన్ ప్లేట్లను తినేస్తాయి. ఆ పిల్లాడిది తప్పు కాదు, నా షాపులో డిప్లొమా చదివినవాడే ఒకడు ఏసీ నీళ్లు పట్టి పోశాడు.

అసలు నాకు ఒళ్లు మండేది పాత బ్యాటరీ దగ్గర. 3,000 తగ్గిస్తానన్నాడు చూడండి, అది మీ మీద ప్రేమ కాదు, లోపలి సీసం ధర. పాత బ్యాటరీలో కూడా షాపుకి లాభం ఉంటుంది. ఎవడైనా "ఐదొందలు ఎక్కువిస్తా, నాకివ్వండి" అని బండి వేసుకుని వస్తే ఇవ్వకండి. నేను పదిహేడేళ్లప్పుడు ఒక షాపులో హెల్పర్‌గా చేరా. పేరు వద్దు. వెనక దొడ్లో పాత బ్యాటరీలు బోర్లించి యాసిడ్ కాలవలోకి వదిలేవాళ్లం. నా ప్యాంట్లన్నీ జల్లెడలే, ఈ పేరు అందుకే పెట్టుకున్నా. గొడ్డలితో పెట్టె పగలగొట్టి, ప్లేట్లు తీసి, ఊరి బయట బట్టీలో కరిగించేవాళ్లు వేరే ఉండేవాళ్లు. ఆ బట్టీ నడిపే ఇంట్లో చిన్న పిల్లలు పొగ దగ్గరే ఆడుకునేవాళ్లు. కాలవ పక్కన వేపచెట్టు మూడేళ్లలో మోడైంది. పిల్లల సంగతి ఎవరూ చూడలేదు. 2020లో యునిసెఫ్ లెక్క చదివాక ఆ పిల్లలే గుర్తొచ్చారు. మన దేశంలో దాదాపు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువుందట. కారణాల్లో ఈ బట్టీలది పెద్ద వాటా.

2022లో కొత్త రూల్స్ వచ్చాయి. అమ్మిన కంపెనీయే పాతది వెనక్కి తీసుకుని రీసైక్లింగ్ చేయించాలి. సరిగ్గా చేస్తే లెడ్ బ్యాటరీ అంత శుభ్రంగా మళ్లీ పుట్టే వస్తువులు తక్కువ. అందుకని బిల్లులో పాత బ్యాటరీ తీసుకున్నట్టు రాయించుకోండి. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అన్నవాడి దగ్గర అసలు కొనకండి. 2025 సెప్టెంబరు నుంచి లెడ్ మీద జీఎస్టీ కూడా 28 నుంచి 18కి తగ్గింది, ఇక దాచుకునేదేముంది?

బ్యాటరీ ఆటో:

అన్నా, నేను విజయవాడలో బ్యాటరీ ఆటో తోలతా. రోజూ దించేవాడికి బంగారం అన్నారు కదా, ఆ రోజూ దించేవాణ్ణి నేనే. మొదటి బండికి నాలుగు లెడ్ బ్యాటరీలు. కొత్తలో డెబ్భై కిలోమీటర్లు వచ్చేది. ఆరో నెలకి యాభై. పదో నెలకి మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి ఛార్జింగ్ పెట్టకపోతే సాయంత్రం బేరం లేదు. ఏడాదికోసారి బ్యాటరీల సెట్టు మార్చడం అంటే చిట్టీ పాడుకోవాల్సిందే.

ఇప్పుడు లిథియం బండి. మూడు గంటల్లో నిండుతుంది, రెండేళ్లయినా పెద్దగా తగ్గలేదు. కాకపోతే ఒక మెలిక ఉంది. ఫైనాన్స్‌లో తీసుకున్నా. బ్యాటరీలోనే సిమ్ము ఉంటుంది. కిస్తీ వారం ఆలస్యమైతే బండి ఎక్కడున్నదక్కడే ఆగిపోద్ది. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న నెలలో రైల్వే స్టేషన్ ముందు ప్యాసింజర్లు ఎక్కాక ఆగింది. లెడ్ బ్యాటరీ ముసలిదై ఆగేది, ఇది ఫైనాన్స్‌వాళ్ల మాట వినబట్టి ఆగుతోంది. అయినా మళ్లీ లెడ్‌కి పోను.

ఎలక్ట్రికల్ ఫైనలియర్:

లిథియం ధర ప్రతి సంవత్సరం పడిపోతోంది కదా. 2010లో ప్యాక్ ధర కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024కి 115 అయింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా లిథియం సెల్ ఫ్యాక్టరీ కడుతోంది. కేంద్రం 2021లోనే సెల్ తయారీకి 18,100 కోట్ల స్కీమ్ ప్రకటించింది. ఇంకో రెండేళ్లు ఆగితే సగానికి రాదా?

యాసిడ్ మరకలు:

బాబూ, ఆయన ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. రెండేళ్లు ఆగదు.

నువ్వు చెప్పిన ధర ప్యాక్‌ది. పెట్టె, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్), రవాణా, పన్ను, మా కమీషన్ కలిసేసరికి కౌంటర్ మీద తగ్గుదల అంత కనబడదు. మనకి వచ్చే సెల్స్ ఇంకా ఎక్కువగా చైనావే. కొనేవాళ్లు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమేనా అని అడిగి రాయించుకోండి, ఇంట్లో పెట్టుకునేదానికి వేరే రకం వద్దు. పాత లెడ్ ఇన్వర్టర్‌కే లిథియం తగిలించేస్తానంటే ఆ ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూడమనండి. లెడ్ కోసం ఈక్వలైజింగ్ అని 15 వోల్టుల పైకి ఎక్కించేవి ఉంటాయి. లిథియం బీఎంఎస్ దాన్ని చూసి తలుపు మూసేస్తుంది. తర్వాత "లిథియం మంచిది కాదు" అని నా దగ్గరికొస్తారు.

రిటైర్డ్ ఏడీఈ:

లక్షా అరవై వేల హైబ్రిడ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. డబ్బు మిగులుతుందని అయితే వద్దు. మీకు నెట్ మీటరింగ్ ఉంది. పగలు గ్రిడ్‌లోకి పంపిన యూనిట్టు రాత్రి మీకు యూనిట్టుగానే తిరిగొస్తుంది. అంటే డిస్కం, అదే కరెంటు కంపెనీ, మీకు ఉచితంగా బ్యాటరీ ఇస్తున్నట్టే. అరగదు, ఉబ్బదు, నీళ్లు పోయక్కర్లేదు. అది ఉండగా సొంత డబ్బుతో బ్యాటరీ కొని అదే యూనిట్టు దాచుకోవడం, బ్యాంకు ఊరికే లాకరిస్తుంటే గోడకి కన్నం పెట్టుకోవడమే. కరెంటు పోయినప్పుడు హాయిగా ఉండాలి, ఖర్చుకి వెనకాడను అంటే అది వేరే.

కాకపోతే ఆ ఉచిత బ్యాటరీ భారం ఎవరో మోస్తున్నారు. మధ్యాహ్నం మీ ఎన్.పి.కుంట సోలార్ పార్కు, మా కర్నూలు వైపు వెయ్యి మెగావాట్ల పార్కు, మీలాంటి మిద్దెలు అన్నీ కలిసి పోస్తుంటే తీసుకునే దిక్కుండదు. సాయంత్రం ఏడింటికి సూర్యుడు ఉండడు, ఊళ్లన్నీ ఒకేసారి లైట్లేస్తాయి. ఆ గండం దాటించడానికే నిల్వ. ఇది కొత్త సంగతేం కాదు, మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం ఎప్పటినుంచో ఉంది. నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్ల యూనిట్లు ఏడు, శ్రీశైలం ఎడమగట్టున 150వి ఆరు, నీళ్లు వెనక్కి తోడగలిగేవే. సాగర్‌లో కింద టెయిల్‌పాండ్ లేక ఏళ్ల తరబడి తోడే పని పెద్దగా జరగలేదు. యంత్రం ఉంది, తోడటానికి నీళ్లు నిలిచే చోటు లేదు! ఇప్పుడు పిన్నాపురంలో గ్రీన్‌కో కంపెనీ కట్టిన 1,680 మెగావాట్లది చూడండి. నదికి అడ్డం కట్టలేదు. గోరకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నీళ్లు తెచ్చుకుని, పై చెరువు నుంచి కింది చెరువుకి, కింది నుంచి పైకి అవే నీళ్లు తిప్పుతారు. మేం ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రి తోడి పగలు వదలాలని లెక్కలు వేసేవాళ్లం. సోలార్ వచ్చాక తలకిందులైంది, పగలు తోడి సాయంత్రం వదలడం.

పెద్ద బ్యాటరీలు కూడా దానికి పోటీ వచ్చేశాయి. 2022లో కేంద్ర సంస్థ సెకీ టెండర్లో మెగావాట్‌కి నెలకి 10.8 లక్షల దాకా పలికిన అద్దె, 2024 చివర రాజస్థాన్ టెండర్లో 2.2 లక్షల దగ్గరికి వచ్చింది, కేంద్రం ఇచ్చే గ్రాంటు కూడా కలుపుకుని అనుకోండి. నా సర్వీసులో ఏ వస్తువు ధరా రెండేళ్లలో ఇలా పడటం చూడలేదు. ఫైనలియర్ బాబు ఉద్యోగం వెతుక్కుంటే ఇటు చూసుకోవచ్చు.

మందులకొట్టు:

పదిహేడు రోజుల తర్వాత మళ్లీ వచ్చా. క్యాలెండర్ మీద రాశా. మొత్తం పదకొండుసార్లు పోయింది. అన్నీ కలిపితే 6 గంటల 40 నిమిషాలు. అన్నిటికంటే పెద్దది గంటా యాభై, గాలివాన రోజు. అడిగి ఉంటే రోజూ రెండు గంటలు పోతోందని ఒట్టేసి చెప్పేవాణ్ణి.

ఆ లెక్క చూశాక లిథియం వద్దనుకున్నా. ఇన్వర్టర్‌ని పూర్తిగా షాపు మీటరు కిందికి మార్చాం. దానికి కొత్త 150 ట్యూబులర్ తీసుకున్నా. ఫ్రిజ్ వీపుకి దూరంగా, ముందు గది మూలలో గాలాడే చోట పెట్టించా. బిల్లు మీద "పాత బ్యాటరీ ఒకటి స్వీకరించాం" అని రాయించుకున్నా. షాపాయన ఎగాదిగా చూసి, ఎవరు చెప్పారు సార్ మీకు అన్నాడు. షాపులో ఒకటి, పైన రెండు ఫ్యాన్లు బీఎల్‌డీసీవి వేయించా. ఫ్రిజ్‌లో కింద అరలో నీళ్ల సీసాలు నింపి పెడుతున్నాం, కరెంటు పోయినా చల్లదనం నిలుస్తుందని. లోపల థర్మామీటర్ కూడా పెట్టా. డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద పిల్లవాడే పెద్ద అక్షరాలతో "బ్యాటరీకి ఇదే" అని రాసి అంటించాడు.

పైన ఇంట్లోకి ఇన్వర్టర్ ఇప్పుడే కొనలేదు. దసరా దాకా చూద్దాం అంది మా ఆవిడ. చల్లబడితే ఎవరూ అడగరని ఆమె ధీమా.

ఒక్కటే మిగిలింది. పాత బ్యాటరీ ఎత్తేటప్పుడు కొంచెం యాసిడ్ కారి మెట్ల కింద గచ్చు మీద తెల్లగా పొంగింది. నీళ్లతో కడిగేయమంటారా?

యాసిడ్ మరకలు:

ఒట్టి నీళ్లు పోస్తే పక్కకి పాకుతుంది. చేతికి రబ్బరు గ్లవుజులు వేసుకుని, ముందు తినే సోడా చల్లండి. బుసబుస పొంగుతుంది, భయపడకండి. పొంగడం ఆగేదాకా చల్లుతూ ఉండి, ఆ తర్వాత కడగండి. ఆ రోజు వేసుకున్న లుంగీ విడిగా ఉతికించండి. నాలుగు రోజుల తర్వాత చిల్లులు కనిపిస్తాయి.